‘క్యాన్సిల్’ నొక్కితే గానీ కనబడని పాత ధర

దుబాయ్‌లో అద్దెకుండే వాళ్లందరికీ నోటికొచ్చిన లెక్క ఒకటుంది. ఒప్పందం రెన్యూ చేసేటప్పుడు అద్దె పెంచాలన్నా, ఇంకేదైనా షరతు మార్చాలన్నా ఇంటి ఓనరు గడువు తేదీకి కనీసం 90 రోజుల ముందు మనకి తెలియజేయాలి. 2007 నాటి 26వ నంబరు అద్దె చట్టం, దానికి 2008లో వచ్చిన సవరణ చెప్పే మాట ఇది. ఆ మూడు నెలల్లో మనం నలుగురినీ అడుగుతాం, ప్రభుత్వం పెట్టిన అద్దె సూచీ చూస్తాం, అవసరమైతే షార్జాలోనో అజ్మాన్‌లోనో ఇల్లు వెతుకుతాం. చివరికి ఉన్న ఇంట్లోనే ఉండిపోయినా, ఆలోచించుకునే ఉన్నామన్న తృప్తి మిగులుతుంది.

అదే ఇంట్లో కూర్చుని మనం కట్టే చిన్న చిన్న అద్దెలు ఇంకా చాలా ఉన్నాయి. వర్డ్, ఎక్సెల్ ఉన్న ఆఫీస్ ప్యాకేజీ, ఫోటోలు దాచుకునే క్లౌడ్, ల్యాప్‌టాప్‌కి యాంటీవైరస్, పిల్లల లెక్కల యాప్, పీడీఎఫ్‌లు సరిచేసే సాఫ్ట్‌వేర్. ఒకప్పుడు వీటిలో చాలావరకు ఒకసారి కొనుక్కునే వస్తువులు. ఇప్పుడు నెలకో, ఏడాదికో కట్టే చందాలు. వీటి ధర పెరిగినప్పుడు మాత్రం 90 రోజుల మర్యాద లేదు. ఒక ఈమెయిల్ వస్తుంది. ఆ తర్వాత కార్డు మీద డబ్బు పోయినట్టు బ్యాంకు మెసేజ్ వస్తుంది.

ధర పెంచడమే తప్పని నేననను. బియ్యం ధర పెరుగుతుంది, స్కూలు ఫీజు పెరుగుతుంది, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల జీతాలూ పెరుగుతాయి. మనలో చాలామంది ఇళ్లు నడిచేది ఆ జీతాలతోనే కదా. కానీ పేరు, ఫోను, ఈమెయిల్, కార్డు నంబరు ఇచ్చి నమోదు చేసుకున్న మనిషికి కొత్త ధర ఒక్కటే చెప్పి ఊరుకుంటే సరిపోదు. కొత్తది వద్దనుకుంటే ఏం చేయొచ్చో, పాత ధరకి పాతదే ఉంచుకునే వీలుందో లేదో కూడా చెప్పాలి. ఈ రెండో సగం మింగేస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో నడిచిన ఒక కేసు చూపించింది. ఆ కేసులో ఉన్న సాఫ్ట్‌వేర్ మన ఇళ్లలో రోజూ వాడేదే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకుందాం.

దాచిన మూడో దారి

మైక్రోసాఫ్ట్ 365 గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పిల్లల ప్రాజెక్టులకి పవర్‌పాయింట్, ఇంటి ఖర్చులకి ఎక్సెల్, ఫోటోలకి వన్‌డ్రైవ్. ఒక్కరికైతే పర్సనల్ ప్లాన్, ఆరుగురి వరకు ఫ్యామిలీ ప్లాన్. 2024 చివర్లో ఆ కంపెనీ తన ఏఐ సహాయకుడు ‘కోపైలట్’ని ఈ ప్లాన్లలో కలిపేసి ధర పెంచింది. మొదట ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మలేషియా, సింగపూర్, తైవాన్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి, 2025 జనవరిలో మిగతా చాలా దేశాలకి తీసుకొచ్చింది. ఆస్ట్రేలియాలో పర్సనల్ ప్లాన్ ఏడాది ధర 109 ఆస్ట్రేలియా డాలర్ల నుంచి 159కి వెళ్లింది, అంటే 45 శాతం పెంపు. ఫ్యామిలీ ప్లాన్ 139 నుంచి 179 అయింది, అంటే 29 శాతం. అమెరికాలో పర్సనల్ ప్లాన్ 69.99 డాలర్ల నుంచి 99.99కి, ఫ్యామిలీ 99.99 నుంచి 129.99కి చేరాయి.

ఆటో రెన్యువల్ పెట్టుకున్న ఖాతాదారులకి కంపెనీ ఈ విషయం చెబుతూ రెండు ఈమెయిళ్లు పంపింది, తన సైటులో ఒక ప్రకటన పెట్టింది. కోపైలట్ వస్తోంది, ధర మారుతోంది, వద్దనుకుంటే రద్దు చేసుకోవచ్చు. వాటి సారాంశం ఇంతే. చదివినవాళ్లకి రెండే దారులు కనిపిస్తాయి. పెరిగిన ధర కట్టడం, లేదంటే పూర్తిగా మానేయడం.

నిజానికి మూడో దారి కూడా ఉంది. దాని పేరు ‘క్లాసిక్’ ప్లాన్. కోపైలట్ లేకుండా, పాత సౌకర్యాలతో, పాత ధరకే. కొత్తగా చేరేవాళ్లకి అది లేదు, అప్పటికే ఉన్న ఖాతాదారులకే. మరి ఆ ఖాతాదారులకి అది ఎక్కడ కనిపిస్తుంది? అకౌంట్‌లోకి వెళ్లి, సబ్‌స్క్రిప్షన్ల పేజీ తెరిచి, ‘క్యాన్సిల్ సబ్‌స్క్రిప్షన్’ నొక్కితే, ఆ తర్వాత వచ్చే పేజీలో. ఉండాలనుకునేవాళ్లు ఎవరైనా రద్దు బటన్ ఎందుకు నొక్కుతారు? పాత ధర కావాల్సినవాళ్లు పొరపాటున కూడా వెళ్లని గదిలో ఆ పాత ధరని పెట్టారన్నమాట.

2025 అక్టోబరు 27న ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ ఏసీసీసీ, మైక్రోసాఫ్ట్ మీద అక్కడి ఫెడరల్ కోర్టుకి వెళ్లింది. సుమారు 27 లక్షల మంది ఖాతాదారులని తప్పుదోవ పట్టించారన్నది ఆరోపణ. ఈమెయిళ్లలో గానీ ప్రకటనలో గానీ క్లాసిక్ ప్లాన్ మాటే లేదని, తెలిసి ఉంటే చాలామంది దాన్నే ఎంచుకునేవారని కమిషన్ వాదన. ఈ విషయం కమిషన్ కంటపడడానికి కారణం కూడా మామూలు ఖాతాదారులే. ‘ఇలా ఒక పాత ప్లాన్ ఉంది, రద్దు బటన్ నొక్కి చూడండి’ అని జనం ఒకరికొకరు చెప్పుకోవడం, కమిషన్‌కి ఫిర్యాదులు పంపడం. కేసు పడిన కొద్దిరోజులకి, 2025 నవంబరులో, మైక్రోసాఫ్ట్ తన ఖాతాదారులకి క్షమాపణ చెబుతూ మెయిల్ పంపింది. ఏఐ లేని ప్లాన్ ఉందన్న సంగతి రద్దు చేసుకోబోయేవాళ్లకే గాక అందరికీ ఇంకా స్పష్టంగా చెప్పి ఉండాల్సిందని ఒప్పుకుంది. క్లాసిక్‌కి మారేవాళ్లకి అదనంగా కట్టిన సొమ్ము వెనక్కి ఇస్తామంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. క్షమాపణ మెయిల్ పంపడానికి ఆ కంపెనీ కొత్తగా చిరునామాలు సేకరించలేదు. ధర పెరిగినప్పుడు మెయిల్ పంపింది కూడా ఆ చిరునామాలకే. చెప్పడానికి అన్నీ ఉన్నాయి. చెప్పాల్సిన మాటే మొదటిసారి రాలేదు.

‘మా ఖాతాదారుల్లో ఎక్కువమంది కొత్త ప్లాన్‌లోనే కొనసాగారు’ అని రేపు ఏ కంపెనీ అయినా లెక్క చూపించవచ్చు. డిగ్రీలో ఒక్క ల్యాబ్ రికార్డు రాసినవాళ్లకి కూడా ఆ లెక్కలో లోపం తెలుస్తుంది. రెండో గ్లాసు టేబుల్ మీద పెట్టకుండా, ‘అందరూ మొదటి గ్లాసే తీసుకున్నారు, కాబట్టి అదే నచ్చింది’ అంటే అది పరిశీలన అవ్వదు. తెలిసి కట్టినవాళ్లెందరో, తెలియక కట్టినవాళ్లెందరో ఆ సంఖ్యలోంచి విడదీయలేం.

అప్‌గ్రేడ్ వద్దనే వీలు

ఈ పరిస్థితి ఎప్పటినుంచో ఉన్నది కాదు. సాఫ్ట్‌వేర్ డబ్బాలో సీడీగా వచ్చే రోజుల్లో లోపల ఒక రిజిస్ట్రేషన్ కార్డు ఉండేది. నింపి పంపితే మనం నమోదైన కస్టమర్లం. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు కొత్తవాళ్లకి పూర్తి ధర, మనకి తక్కువ ధర. దాన్నే అప్‌గ్రేడ్ ధర అనేవారు. నమోదు వల్ల వచ్చే లాభం అది. అంతకన్నా ముఖ్యంగా, కొత్తది నచ్చకపోతే పాతదాంతోనే పని చేసుకోవచ్చు.

మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు చూసినవాళ్లకి ఇది బాగా తెలుసు. అడోబీ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు తెలుగు శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పత్రికలు అను ఫాంట్లతో దాని మీదే తయారయ్యాయి. కంపెనీ ముందుకెళ్లిపోయినా ఆపరేటర్‌కి పని ఆగలేదు. కొత్తది ఎప్పుడు కొనాలో అతనే నిర్ణయించుకున్నాడు.

అదే అడోబీ 2012లో సీఎస్6 విడుదల చేసి, 2013లో ఇక ముందు అంతా చందా పద్ధతేనని ప్రకటించింది. మెల్లగా మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. చందాలో సుఖం ఉంది, కాదనలేం. ఎప్పుడూ కొత్త వెర్షనే, ఫోనులో ల్యాప్‌టాప్‌లో ఎక్కడైనా తెరుచుకుంటుంది, ఒకేసారి పెద్ద మొత్తం పెట్టక్కర్లేదు. కానీ ‘అప్‌గ్రేడ్ నాకొద్దు’ అనే మాటకి ఉన్న అర్థం మారిపోయింది. అప్పట్లో వద్దంటే పాతది మిగిలేది. ఇప్పుడు వద్దంటే ఏదీ మిగలదు.

క్లౌడ్ ఉన్న చందాల్లో అయితే ఇంకో మెలిక కూడా ఉంది. ఫ్యామిలీ ప్లాన్‌లో ఒక్కొక్కరికి 1 టెరాబైట్ చోటు ఇస్తారు. బారసాల నుంచి మొన్నటి స్కూలు వార్షికోత్సవం వరకు ఫోటోలన్నీ అందులోకి వెళ్లిపోతాయి. చందా ఆపితే చోటు 5 జీబీకి తగ్గుతుంది. అంతకు మించి ఉన్నవాళ్లు కొత్తవి ఎక్కించలేరు. ఎక్కువ కాలం అలాగే వదిలేస్తే ఫైళ్లు తొలగించే హక్కు కంపెనీ తన నిబంధనల్లో రాసుకుంది. అందుకే ధర పెరిగిన రోజున మనం తూచేది సాఫ్ట్‌వేర్ విలువని కాదు, ఆ ఫోటోలన్నీ ఎక్కడికి మార్చాలా అన్న భయాన్ని. బేరం ఆడాల్సిన మనిషి సామానంతా అవతలివాళ్ల గోడౌన్లో ఉంటే బేరం ఎలా సాగుతుంది?

మెయిల్ ఎవరికి వస్తుంది?

కంపెనీ సరిగ్గానే చెప్పిందనుకుందాం. ఆ మాట ఇంట్లో ఎవరికి చేరుతుంది?

గల్ఫ్‌లో మన ఇళ్ల పద్ధతి చూడండి. వీసా ఆయన పేరు మీద, బ్యాంకు ఖాతా ఆయన పేరు మీద, మొబైల్ కనెక్షన్ ఆయన ఎమిరేట్స్ ఐడీ మీద. సాఫ్ట్‌వేర్ కూడా అదే వరసలో ఆయన ఈమెయిల్‌తో నమోదవుతుంది. రోజూ వాడేది మాత్రం పిల్లలూ మనమూ. స్కూలు హోంవర్క్ దింపుకోవడం, ఇండియాలో అమ్మానాన్నల మెడికల్ రిపోర్టులు దాచడం, ఇంటి లెక్కలు రాయడం మన పని. ధర పెరిగిందన్న మెయిల్ ఆఫీసు మెయిళ్ల మధ్యలో ప్రమోషన్ల ఫోల్డర్లో పడుతుంది. నెలాఖరుకి స్టేట్‌మెంట్ చూసి ‘ఇదేమిటి?’ అని అడిగేది మనం. అప్పటికి డబ్బు వెళ్లిపోయి ఉంటుంది.

మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ ప్లాన్‌లోనే చూడండి. ధర పెరిగింది ఆరుగురి ప్లాన్‌కి. కోపైలట్ వాడుకునే అవకాశం మాత్రం ప్లాన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లొక్కరికే ఇచ్చారు. మిగతా అయిదుగురికి పాత సౌకర్యాలే. ఇల్లు మొత్తం మీద పడిన పెంపుకి ఇంట్లో ఎందరు లాభపడ్డారో ప్లాన్ కొనసాగించే ముందు తెలుసుకోవాల్సిన విషయం కాదా?

ఇక్కడి బ్యాంకులు 2025 జులై నుంచి ఎస్ఎంఎస్ ఓటీపీలని దశలవారీగా ఆపేసి, బ్యాంకు యాప్‌లోనే ఆమోదం తెలిపే పద్ధతికి మారాయి. మోసాలు తగ్గించడానికి మంచిదే. కానీ ఇంతకుముందు ‘ఒక ఓటీపీ వచ్చింది చెప్పండి’ అని అడిగినప్పుడైనా దేనికి కడుతున్నామో భార్యాభర్తలిద్దరికీ తెలిసేది. యాప్ ఒక్కరి ఫోనులో ఉంటే ఆ మాట కూడా ఉండదు. పైగా ఆటో రెన్యువల్‌కి ప్రతిసారీ మన ఆమోదం అడగరు.

ఇంకో సంగతి ఉద్యోగం మారినప్పుడూ దేశం మారినప్పుడూ బయటపడుతుంది. ఆఫీసు ఈమెయిల్‌తో నమోదు చేసుకున్నవి ఆ ఉద్యోగంతోపాటే చేజారతాయి. వీసా రద్దు చేసుకుని ఇండియా వెళ్లిపోయినవాళ్లకి ఇక్కడి ఫోను నంబరు పోతుంది. అకౌంట్ తెరవడానికి కోడ్ ఆ నంబరుకే వెళుతుంది. కార్డు గడువు ఉన్నంతకాలం చందా కడుతూనే ఉంటాం, లోపలికి మాత్రం వెళ్లలేం. నమోదైన కస్టమర్ అంటే కంపెనీ దృష్టిలో ఒక మెయిల్ చిరునామా, ఒక నంబరు, ఒక కార్డు. ఈ మూడూ మారిపోయే జీవితం మనది.

విండోస్ 10: నెలకో మాట

మాట ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా చెప్పడం వల్ల వచ్చే నష్టానికి విండోస్ 10 ఇంకో ఉదాహరణ. 2015 జులై 29న వచ్చిన విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తర్వాత కంప్యూటర్ ఆగిపోదు, కానీ భద్రతా అప్‌డేట్లు రావు. విండోస్ 11కి మారడం ఉచితమే, అయితే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొంత కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. బాగా పనిచేస్తున్న పాత ల్యాప్‌టాప్‌లు ఎన్నో ఆ పరీక్షలో తప్పాయి.

అలాంటివాళ్లకి ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు 30 డాలర్లకి ఇస్తామని 2024 అక్టోబరులో కంపెనీ చెప్పింది. 2025 జూన్‌లో మరో రెండు దారులు చేర్చింది. విండోస్ బ్యాకప్‌తో సెట్టింగులు క్లౌడ్‌కి పంపితే ఉచితం, లేదా 1,000 రివార్డ్ పాయింట్లు ఇస్తే ఉచితం. సెప్టెంబరులో, యూరప్ వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగాక, అక్కడివాళ్లకి బ్యాకప్ షరతు కూడా తీసేసింది. మనలాంటివాళ్లకి ఆ షరతు అలాగే ఉంది. ఈ ఏడాది పొడిగింపుకి ప్రకటించిన గడువు 2026 అక్టోబరు 13.

ఒక్క సంవత్సరంలో ఒకే విషయం మీద మూడు మాటలు. మొదటి మాట విని 30 డాలర్లకి సిద్ధపడ్డవాళ్లున్నారు. ఏ మాటా చేరక, ‘ఇక పనికిరాదట’ అని కొత్త ల్యాప్‌టాప్ కొనేసినవాళ్లూ మన స్నేహితుల్లోనే ఉన్నారు. పాత ల్యాప్‌టాప్ ఇంకా వాడుతున్నవాళ్లు సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో విండోస్ అప్‌డేట్ తెరిచి ‘ఎన్‌రోల్ నౌ’ కనిపిస్తుందేమో చూడండి. విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. 30 డాలర్లు కట్టినా ఆ ఒక్క లైసెన్సు ఒకే మైక్రోసాఫ్ట్ అకౌంట్ మీద 10 కంప్యూటర్ల వరకు సరిపోతుంది. ఇంట్లో మూడు ల్యాప్‌టాప్‌లుంటే మూడుసార్లు కట్టక్కర్లేదు.

పాత చుట్టానికే ఎక్కువ వడ్డింపు

యాంటీవైరస్ కథ ఇంకో రకం. మొదటి ఏడాది సగం ధర, రెండో ఏడాది నుంచి పూర్తి ధర. కొత్తగా చేరేవాళ్లకి మళ్లీ సగం ధర బోర్డు వేలాడుతూనే ఉంటుంది. మా ఇంట్లో ఇలాంటి ఒక చందా రెన్యూ అయిన రోజునే ఆ కంపెనీ సైటులో కొత్తవాళ్ల ధర చూశాను. మేం కట్టినదాంట్లో సగం కూడా లేదు. సహాయ కేంద్రానికి రాస్తే, అది కొత్త కస్టమర్లకి మాత్రమేనని మర్యాదగా జవాబిచ్చారు. చుట్టాల్లో కొత్త అల్లుడికి మర్యాద ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ పాత అల్లుడి దగ్గర భోజనానికి డబ్బులు వసూలు చేయరు కదా!

బ్రిటన్‌లో ఈ పద్ధతిని అక్కడి పోటీ, మార్కెట్ల సంస్థ సీఎంఏ పట్టుకుంది. విచారణ తర్వాత 2021లో మెకాఫీ, నార్టన్ రెండూ హామీలిచ్చాయి. ఆటో రెన్యువల్ అవుతుందని, ధర పెరుగుతుందని ముందే స్పష్టంగా చెప్పాలి. తెలియక రెన్యూ అయిపోయినవాళ్లు మధ్యలో మానుకుంటే మిగిలిన కాలానికి డబ్బు వెనక్కి ఇవ్వాలి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జూన్‌లో అడోబీ మీద వేసిన దావాలోనూ ఇలాంటి మాటే ఉంది. నెలనెలా కట్టే ఏడాది ప్లాన్‌ని మధ్యలో ఆపితే, మిగిలిన నెలల సొమ్ములో సగం రుసుముగా పడుతుందన్న సంగతి కనబడకుండా పెట్టారన్నది ఆరోపణ.

చట్టం మనకెంతవరకు తోడు?

ఈ విషయంలో ఇండియా వెనకబడి లేదు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు తెచ్చింది. కొనేవాళ్లని మభ్యపెట్టే 13 రకాల ఎత్తుగడల జాబితా అది. చేరడం తేలిక, బయటపడడం కష్టం అయ్యేలా చేసే ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ అందులో ఒకటి. సాఫ్ట్‌వేర్ చందాల్లో చెప్పాపెట్టకుండా డబ్బు లాగడం కూడా ‘సాస్ బిల్లింగ్’ పేరుతో అందులో ఉంది.

రిజర్వ్ బ్యాంకు పద్ధతి ఇంకా పనికొచ్చేది. 2021 అక్టోబరు 1 నుంచి ఇండియా కార్డుల మీద ఆటో చెల్లింపు జరగాలంటే బ్యాంకు కనీసం 24 గంటల ముందు మనకి తెలియజేయాలి. ఆ మెసేజ్‌లోంచే వద్దనవచ్చు. అప్పట్లో విదేశీ చందాలు చాలా ఆగిపోయి అందరూ విసుక్కున్నారు. కానీ ‘రేపు ఇంత పోతుంది’ అని ముందురోజు చెప్పడానికీ, ‘ఇంత పోయింది’ అని తర్వాత చెప్పడానికీ ఎంత తేడా ఉందో రెండు దేశాల కార్డులూ వాడేవాళ్లకి తెలుసు.

యూఏఈలో 2020 నాటి 15వ నంబరు ఫెడరల్ చట్టం వినియోగదారుల రక్షణకి ఆధారం. 2023లో దానికి సవరణలు, అమలు నిబంధనలు వచ్చాయి. కొనే వస్తువు గురించి, సేవ గురించి సరైన సమాచారం పొందడం మన హక్కని ఆ చట్టం చెబుతుంది. ఈ-కామర్స్‌కి కూడా వర్తిస్తుంది, కాకపోతే ఈ దేశంలో నమోదైనవాళ్లకి. అంటే ఇక్కడి దుకాణంలోనో ఇక్కడి సైటులోనో బిల్లుతో కొన్నదానికీ, ఎక్కడో ఉన్న కంపెనీ సైటులో కార్డు నంబరు కొట్టి కొన్నదానికీ మనకుండే పట్టు ఒకటి కాదు. పెద్ద మొత్తం పెట్టి కొనేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఒక సాయంత్రం పెట్టుకుంటే

కంపెనీలు మారేదాకా ఆగక్కర్లేదు. ఇద్దరూ ఇంట్లో ఉన్న ఒక శనివారం సాయంత్రం చాలు.

ముందు పన్నెండు నెలల బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు తీయండి. ఏడాదికోసారి పోయే చందాలు మూడు నెలల స్టేట్‌మెంట్లో దొరకవు. తర్వాత ఐఫోనులో మీ పేరు మీద నొక్కి సబ్‌స్క్రిప్షన్స్, ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్‌లో పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ చూడండి. యాపిల్ 2022లో తెచ్చిన నియమం ప్రకారం, పెంపు 50 శాతం లోపు ఉండి, నెల చందాలో 5 డాలర్లు, ఏడాది చందాలో 50 డాలర్లు మించకుండా, ఏడాదికి ఒక్కసారే అయితే, చట్టం ఒప్పుకునే చోట్ల మన అంగీకారం అడగకుండానే కొత్త ధర అమల్లోకి రావచ్చు. నోటీసు వస్తుంది, మనం ఏమీ చేయకపోతే ఒప్పుకున్నట్టే. కాబట్టి ఆ నోటీసు ఎవరి ఫోనుకి వస్తోందో తెలియాలి.

దొరికిన ప్రతిదానికీ ఒక నోటుబుక్కులో అయిదు సంగతులు రాయండి: ఎవరి మెయిల్ మీద ఉంది, ఏ కార్డు, రెన్యువల్ తేదీ, పోయినసారి కట్టిన ధర, ఇంట్లో ఎవరు వాడుతున్నారు. అయిదో గడి ఖాళీగా ఉంటే ఆ చందా సంగతి అప్పుడే తేలిపోతుంది. ఆఫీసు మెయిల్ మీద ఉన్నవి సొంత మెయిల్‌కి మార్చండి. రికవరీ నంబరుగా ఇండియా నంబరు కూడా చేర్చండి. రెన్యువల్‌కి నెల రోజుల ముందు ఇద్దరి ఫోన్లలోనూ గుర్తు పెట్టుకోండి.

ఆ నెలలో ఒకసారి రద్దు బటన్ నొక్కి చూడండి. చివరి పేజీలో నిర్ధారించేదాకా మామూలుగా ఏదీ రద్దవదు. మధ్య పేజీల్లో ‘ఈ ధరకి ఉండండి’, ‘ఈ ప్లాన్‌కి మారండి’ లాంటివి బయటికొస్తాయి. ప్రతి పేజీ నింపాదిగా చదవండి, అడుగుతున్నది ఏమిటో తెలియకుండా ‘ఎస్’ నొక్కకండి. ఇంకో పద్ధతి ఆటో రెన్యువల్ మాత్రం ఆపేయడం. చాలా సేవల్లో కట్టిన గడువు పూర్తయ్యేదాకా వాడుకోవచ్చు, ఆ తర్వాత కొనాలో వద్దో అప్పుడు ఆలోచించుకోవచ్చు. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో ఏడాది కోడ్ ఉన్న కార్డులు దొరికితే ఆ ధరా పోల్చండి.

వీటన్నిటికంటే ముందు ఒక హార్డ్ డిస్క్ కొని ఫోటోలు, సర్టిఫికెట్ల కాపీలు అందులో పెట్టండి. మన సామాను మన చేతిలో ఉన్న రోజున వచ్చిన ధర మెయిల్‌ని మనం వేరే కళ్లతో చదువుతాం.

అడగడం కూడా అలవాటు చేసుకుందాం. ధర పెంచుతున్నామని మెయిల్ వస్తే సహాయ కేంద్రానికి మూడు ప్రశ్నలు రాయండి. పాత సౌకర్యాలతో పాత ధర ప్లాన్ ఏమైనా ఉందా? కొత్తగా చేరేవాళ్లకి ఈరోజు ధర ఎంత? మానేస్తే నా ఫైళ్లు ఎన్నాళ్లు ఉంటాయి? జవాబు రాతలో తీసుకోండి. ఇక్కడ నమోదైన అమ్మకందారు అయితే, జవాబు రాకపోతే, ఆర్థిక మంత్రిత్వ శాఖ వినియోగదారుల విభాగానికో, దుబాయ్‌లో ఉన్నవాళ్లు అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థకో ఫిర్యాదు చేయొచ్చు. చెప్పకుండా డబ్బు తీసుకున్నారనిపిస్తే బ్యాంకుకి వెంటనే తెలియజేయాలి, ఆలస్యం చేస్తే గడువు దాటుతుంది.

ఆ మూడు ప్రశ్నలకి జవాబులు నిజానికి ధర పెంచుతున్న మెయిల్లోనే ఉండాలి, రాసేవాళ్లకి మూడు వాక్యాల పని. 27 లక్షల మందికి ఆ వాక్యాలు చేరకపోతే, రద్దు బటన్ నొక్కి చూసిన కొద్దిమంది పక్కవాళ్లకి చెప్పారు, విషయం కోర్టుదాకా వెళ్లింది. మీ ఇంటి లెక్కలో ఏదైనా పాత ధర దొరికితే మీరూ నలుగురికి చెప్పండి.